నలుగురూ నవ్వుతారన్న భయానికి దుఆ ఉందా ఆపా?

"అస్సలాము అలైకుమ్ ఆపా. మాది దూదేకుల కుటుంబం, మా పల్లెలో ఇంట్లోనూ బయటా తెలుగే. పోయినేడు నికా అయి కర్నూలు వచ్చాను, అత్తగారింట్లో అందరూ ఉర్దూ మాట్లాడతారు. నెల కిందట ఇంట్లో ఖురాన్‌ఖానీ (అందరూ కూడి ఖురాన్ చదవడం) పెట్టారు. సిపారాలు (ఖురాన్ ముప్పై భాగాలు) పంచి అందరం చదివాక, కొత్త కోడలు కదా అని నన్ను యాసీన్ సూరా (అధ్యాయం) పైకి చదవమన్నారు. నాలుగు ఆయతులకే (వాక్యాలకే) గొంతు పట్టేసింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంకెవరో 'తెలుగు ఖురాన్' అన్నారు. అప్పటి నుంచి నలుగురిలో కూర్చోవాలంటే గుండె దడ, చేతులు చల్లబడిపోతాయి. రెండు షాదీలకు తలనొప్పి అని చెప్పి ఎగ్గొట్టాను. నమాజ్ కూడా గదిలో గడియ పెట్టుకునే చేస్తున్నాను, చుట్టాలొస్తే అసర్ (సాయంత్రం పూట నమాజ్) వదిలేసి రాత్రి ఖజా (తప్పిన నమాజ్ తర్వాత చేయడం) చేస్తున్నాను. పక్కింటావిడ ఒక దుఆ చెప్పి 313 సార్లు చదవమంది, చదివాను, ఏం తగ్గలేదు. మనుషులు ఏమనుకుంటారో అన్న భయం పోవడానికి అసలైన దుఆ ఏది, ఎన్నిసార్లు చదవాలి? ఇంత భయపడుతున్నానంటే నా ఈమాన్ (విశ్వాసం) బలహీనమనేనా? పేరు వేయొద్దు."

వ అలైకుముస్సలామ్ చెల్లీ. పేరు వేయలేదు, మీ పల్లె పేరు కూడా కొట్టేశాను.

చివర అడిగిన ప్రశ్న ముందు తీసుకుంటా, ఎందుకంటే అది తేలకపోతే ఏ దుఆ చెప్పినా నువ్వు దాన్ని ఒక పరీక్షలాగే చదువుతావు. భయపడితే ఈమాన్ లేనట్టు కాదు. హిజ్ర్ సూరా చివర్లో, 97వ ఆయత్‌లో అల్లాహ్ ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లంతో అంటాడు, వాళ్లు అనే మాటలకు నీ గుండె ఇరుకైపోతోందని మాకు తెలుసు అని. ఎవరి గుండె? ప్రవక్తది. ఎందుకు? జనం మాటలకు. దాని తర్వాత "సిగ్గు లేదా, ఇంతేనా నీ ఈమాన్" అని లేదు. నీ ప్రభువును స్తుతించు, సజ్దా చేసేవాళ్లలో ఉండు అని మాత్రమే ఉంది. నేను మొదటిసారి దీని అర్థం తెలుగులో చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నా. అరబీలో ఎన్నోసార్లు చదివిన ఆయతే, కానీ లోపల ఏముందో అప్పటిదాకా నాకు తెలీదు.

ఇప్పుడు దుఆ సంగతి. నీ పరిస్థితికి అచ్చంగా సరిపోయేది ఒకటుంది, మూసా ప్రవక్త అలైహిస్సలాం చేసింది, తాహా సూరాలో 25 నుంచి 28 దాకా.

"రబ్బిష్‌రహ్ లీ సద్‌రీ, వ యస్సిర్ లీ అమ్‌రీ, వహ్‌లుల్ ఉఖ్‌దతమ్ మిల్లిసానీ, యఫ్‌ఖహూ ఖౌలీ."

ప్రభూ, నా ఛాతీని విశాలం చేయి, నా పని సులువు చేయి, నా నాలుక మీది ముడి విప్పు, వాళ్లకు నా మాట అర్థమవ్వాలి. అంతే. తెలుగు అక్షరాల్లో చూసి బట్టీ పట్టొద్దు, "హ" రెండు రకాలుంటుంది, "స" ఇంకా ఎక్కువ రకాలు, మన లిపిలో ఆ తేడాలు తెలియవు. ఇది నీకు ఏ దుఆనో గుర్తు తెలియడానికి రాశా. ఎవరైనా చదివింది విని నేర్చుకో.

పరీక్షలకు పోయే పిల్లలకు ఈ దుఆ నేర్పిస్తారు కాబట్టి మనం దీన్ని మార్కుల దుఆ చేసేశాం. అసలు ఎక్కడ చేశాడో చూడు. ఈజిప్టు రాజు ఫిరౌన్ దగ్గరికి పొమ్మన్నప్పుడు. షుఅరా సూరాలో (12, 13 ఆయతులు) అదే సందర్భంలో మూసా అన్న మాటలు ఇంకా విప్పి ఉంటాయి, వాళ్లు నన్ను అబద్ధాలకోరు అంటారని భయంగా ఉంది, నా ఛాతీ బిగుసుకుపోతోంది, నాలుక ఆడటం లేదు, మా అన్న హారూన్‌కు కబురు పంపు అని. నువ్వు నాకు రాసిన ఉత్తరంలో ఇవే ఉన్నాయి కదా చెల్లీ, గొంతు పట్టేయడం, గుండె, ఎవరేమంటారో అన్న భయం. అల్లాహ్‌తో నేరుగా మాట్లాడిన ప్రవక్త ఈ మాట పైకి చెప్పుకున్నాడు, తలనొప్పి అని వంక చెప్పలేదు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మూసా ఏం అడిగాడో దాంతో పాటు ఏం అడగలేదో కూడా చూడాలి. ఫిరౌన్ నోరు మూయించమని అడగలేదు. అందరూ నన్ను మెచ్చుకోవాలి అనలేదు. "ఒక ముడి" విప్పు అన్నాడు, నా మాట వాళ్లకు అర్థమైతే చాలన్నాడు. తాహా సూరాలోనే కాస్త కిందికి, 36వ ఆయత్‌లో, నువ్వు అడిగింది ఇచ్చేశాం మూసా అని జవాబు వచ్చేసింది. మరి తర్వాత ఏం జరిగింది? ఫిరౌన్ తన జనం ముందు నిలబడి, వీడా, ఈ అల్పుడా, సరిగ్గా నాలుగు మాటలు చెప్పడం కూడా చేతకాదు వీడికి అని వెక్కిరించాడు. జుఖ్‌రుఫ్ సూరా, 52. అంటే దుఆ ఖుబూల్ అయింది, వెక్కిరింపూ ఆగలేదు. రెండూ జరిగాయి. నువ్వు 313 సార్లు చదివి ఎదురుచూసింది బహుశా ఇకమీదట ఎవరూ నవ్వకూడదని. ఆ కోరికతో చదివితే ప్రతి నవ్వూ నీకు "దుఆ పనిచేయలేదు" అనే వినిపిస్తుంది. ఛాతీ విశాలం కావడమంటే ఆ నవ్వు వినపడ్డా చదువు ఆగకపోవడం, నేనైతే అలా అర్థం చేసుకున్నా.

ఎన్నిసార్లు అన్నావు. ఈ దుఆకు ఖురాన్‌లో లెక్కేమీ చెప్పలేదు. నమాజ్ తర్వాత అల్లాహ్‌ను స్మరిస్తూ చదివే తస్బీహ్‌కు 33, 33, 34 అని లెక్క ఉంది, అది ప్రవక్త చెప్పింది కాబట్టి అలాగే చదువుతాం. పక్కింటావిడ లెక్క పక్కింటావిడది. ఆవిడ మంచికే చెప్పి ఉంటుంది, దెబ్బలాడకు, కానీ వేళ్ల మీద లెక్క తప్పుతుందేమో అన్న టెన్షన్ ఇంకోటి నెత్తిన పెట్టుకోవద్దు. మూడుసార్లు అర్థం తెలిసి చదివితే నాకు చాలు అనిపిస్తుంది. ఏడుపొచ్చి ఒక్కసారే చదివినా సరే.

దీంతో పాటు ఇంకొకటి చెబుతా, ఇది పొద్దున సాయంత్రం చదువుకునేది. "అల్లాహుమ్మ ఇన్నీ అఊజు బిక మినల్ హమ్మి వల్ హజన్" అని మొదలవుతుంది, బుఖారీ గ్రంథంలో అనస్ రజియల్లాహు అన్హు చెప్పిన హదీస్ (ప్రవక్త మాటలు, పనుల ఉల్లేఖనం), ప్రవక్త ఇది తరచూ చదివేవారట. రాబోయేదాని గురించిన దిగులు, జరిగినదాని గురించిన దుఃఖం, చేతకానితనం, బద్ధకం, పిసినారితనం, పిరికితనం, అప్పుల భారం, చివర్లో మనుషులు మన మీద పైచేయి కావడం, ఇన్నిటి నుంచి శరణు కోరతాం. నాకు ఈ జాబితా చాలా ఇష్టం, అప్పు గురించి దిగులూ నలుగురి గురించి దిగులూ ఒకే వరసలో ఉన్నాయి, ఇంట్లో మన బతుకు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు చేసిన దుఆ అది. పిరికితనమనే మాట ఉంది కదా అని నొచ్చుకోకు, ప్రవక్త తన కోసం అడిగింది అది.

సరే, ఇక ఖురాన్‌ఖానీ దగ్గరికి వద్దాం, ఆ నవ్వు దగ్గరికి.

బుఖారీ, ముస్లిం రెండు హదీస్ గ్రంథాల్లోనూ ప్రవక్త భార్య ఆయిషా రజియల్లాహు అన్హా చెప్పిన హదీస్ ఉంది. ఖురాన్ బాగా చదవగలిగినవాళ్లు గౌరవనీయులైన దూతలతో ఉంటారు, తడబడుతూ కష్టపడి చదివేవాళ్లకు రెండు పుణ్యాలు. రెండు! నీ మీద నవ్వినావిడకు ఈ లెక్క తెలిస్తే ఆ రోజు నీ పక్కన కూర్చుని ఉండేది. ఇది నేర్చుకోకుండా ఉండటానికి సాకు కాదులే, "ఖుల్" అంటే చెప్పు, కాఫ్ అక్షరంతో "కుల్" అంటే తిను, అర్థాలే మారిపోతాయి కాబట్టి నేర్చుకోవాలి. కానీ ఉర్దూవాళ్లకు అరబీ పుట్టుకతో వచ్చేసిందని అనుకుంటున్నావేమో, అది తలుచుకుంటే నవ్వొచ్చింది నాకు. చెల్లీ, మన దక్కనీ ఉర్దూలో "ఖలం", "ఖాజీ" అనేటప్పుడు జాగ్రత్తగా విను. లోగొంతులోంచి రావాల్సిన ఖాఫ్ అక్షరాన్ని కూడా ఖే అనే ఇంకో అక్షరం లాగే పలుకుతారు. దక్కను బయటి ఉర్దూవాళ్లు ఈ మాటకే మనవాళ్లను ఆటపట్టిస్తారు. మీ అత్తగారింట్లో నవ్విన మనిషి లక్నో వెళ్తే ఆవిడ వెనక కూర్చుని నవ్వేవాళ్లు అక్కడా ఉంటారు. ఇది ఆవిడకు చెప్పమని కాదు, చెబితే ఇంట్లో అగ్గి రాజుకుంటుంది, నీలో నువ్వు తెలుసుకోమని.

వెక్కిరించడం మాటకొస్తే హుజురాత్ సూరా 11వ ఆయత్‌లో, ఒక జనం ఇంకో జనాన్ని ఎగతాళి చేయొద్దు, వాళ్లు వీళ్లకన్నా మంచివాళ్లు కావచ్చు అని చెప్పి, అక్కడితో ఆగకుండా ఆడవాళ్లు కూడా ఆడవాళ్లను ఎగతాళి చేయొద్దు అని విడిగా మళ్లీ చెప్పాడు. పేర్లు పెట్టి పిలవొద్దన్నాడు. "తెలుగు ఖురాన్" అన్న మాట ఈ ఆయత్ కిందికి ఎలా వస్తుందో అది ఆ అన్న మనిషి చూసుకోవాల్సిన లెక్క, నీది కాదు. మనుషుల భాషలు వేరువేరుగా ఉండటం అల్లాహ్ సూచనల్లో ఒకటని రూమ్ సూరాలో (22) ఉంది. అందులో మన తెలుగును మినహాయించలేదు.

మా జేజి ఉండేది. "అల్‌హమ్దులిల్లాహ్" అనడం ఆమెకు చివరిదాకా రాలేదు, "అల్లందురిల్లా" అనేది. నమాజ్‌కు కావాల్సిన సూరాలు రెండో మూడో వచ్చు. సలాం చెప్పి నమాజ్ ముగించాక మాత్రం చేతులెత్తి తెలుగులో మొదలుపెడితే ఆపేదే కాదు, "అల్లా, కొంగు చాచి అడుగుతున్నా, పెద్దోడి కాలు బాగుచెయ్యి, వానలు పడనియ్యి, కోడలికి నా మీద కోపం తగ్గించు" అని అన్నీ. మా అమ్మ పక్కనే ఉండి వినేది, వినాలనే ఆమె అంత గట్టిగా అడిగేదని నాకు ఇప్పుడు అనుమానం.

ఎందుకు చెప్పానంటే, నువ్వు కూడా తెలుగులో అడుగు. మన వైపు ఎక్కువమంది హనఫీలం, నమాజ్ లోపల చదివేది అరబీలోనే ఉండాలి, అందులో మార్పు లేదు. నమాజ్ అయ్యాక చేతులెత్తి అడిగేది ఏ భాషలోనైనా అడగొచ్చు. మూసా దుఆ అరబీలో చదివి దాని వెంటనే నీ మాటల్లో చెప్పుకో. మాటలు రాకపోతే ఇలా మొదలుపెట్టు: "యా అల్లాహ్, ఆ రోజు నవ్వింది నాకు ఇంకా వినపడుతోంది. సిగ్గుగా ఉంది. కోపంగా కూడా ఉంది. వాళ్ల మనసుల్లో నా గురించి ఏముందో నాకు తెలీదు, నీకు తెలుసు. నా గుండెలో కాస్త చోటు చెయ్యి. రేపు నలుగురి ముందు ఒక్క మాట మాట్లాడే ధైర్యం ఇవ్వు." ఒక్క మాట అన్నాను చూడు, పది వద్దు, ఒకటి అడుగు. అజాన్‌కు ఇఖామత్‌కు (జమాత్ నిలబడే ముందు ఇచ్చే రెండో పిలుపు) మధ్య చేసే దుఆ తిరస్కరించబడదని హదీస్ ఉంది, అజాన్ వినపడగానే వంటింట్లో ఉన్నా స్టవ్ పక్కనే అడుక్కోవచ్చు, దానికి జానిమాజ్ పరిచి కూర్చోవాలని ఏమీ లేదు.

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడాలి, ఏమీ అనుకోకు. చుట్టాలొస్తే అసర్ వదిలేస్తున్నా అన్నావు. అది మానుకో. ఫుజైల్ బిన్ ఇయాజ్ రహ్మతుల్లాహి అలైహి అని తొలి తరాల పెద్ద ఒకాయన ఉన్నాడు, ఒకప్పుడు దారులు కాచి దోచుకున్న మనిషనీ తర్వాత తౌబా చేసుకుని మారాడనీ చెబుతారు. జనం కోసం మంచిపని మానేయడం కూడా రియానే అన్నాడాయన. మనం రియా అంటే చూపించుకోవడం అనుకుంటాం, దాక్కోవడంలో కూడా అదే జనం ఉన్నారని ఆయనకు కనిపించింది. నువ్వు గడియ పెట్టుకుని చేసే నమాజ్ తప్పు కాదు, ఆడవాళ్లకు ఇంట్లో ఏకాంతంలో నమాజ్ మంచిదే. కానీ గది నిండా చుట్టాలున్నారు కాబట్టి ఈ పూట వద్దు అనుకున్నప్పుడు, నమాజ్ ఎప్పుడు చేయాలో నిర్ణయించేది చుట్టాలయ్యారు కదా.

పైగా అసర్‌లో భయపడేదేముంది అసలు? జుహర్, అసర్ నమాజుల్లో మగవాళ్లే నెమ్మదిగా పెదవుల మధ్య చదువుతారు, ఇమామ్‌తో సహా. నీ ఖాఫ్ ఎలా ఉందో పక్కన ఆనుకుని నిలబడ్డావిడకు కూడా వినపడదు. కాబట్టి అక్కడే మొదలుపెట్టు. చుట్టాలొచ్చిన రోజు వజూ చేసుకుని, అదే గదిలో ఒక మూల, అసర్ నాలుగు రకాతులు. తలుపు తీసే ఉంచు. మొదటి రోజు గుండె దడ వస్తుంది, రానీ, దడతోనే చేయి. దడ తగ్గాక చేస్తా అంటే ఎప్పటికీ చేయవు.

ఇంకో ముఖ్యమైన సంగతి, మూసా ఒక్కడే పోతానని అనలేదు. హారూన్‌ను అడిగాడు. ఖసస్ సూరాలో (34, 35) అయితే హారూన్ నాకన్నా బాగా మాట్లాడతాడు, అతన్ని నాకు తోడుగా పంపు అని అడిగితే, నీ అన్నతో నీ చేతికి బలమిస్తాం అని జవాబొచ్చింది. నాలుక ముడి విప్పమని దుఆ చేసిన మనిషే, ఆ పనికి ఇంకో మనిషి సాయం కూడా అడిగాడు. మరి నీ హారూన్ ఎవరు? ఉత్తరంలో మీ ఆయన గురించి ఒక్క ముక్క రాయలేదు నువ్వు. ఆ రోజు జరిగింది ఆయనకు తెలుసా? తెలియకపోతే ముందు చెప్పు, ఏడుస్తూ అయినా సరే. వాళ్లను నిలదీయమని చెప్పొద్దు, అది అడిగితే మగవాళ్లు అయితే రెచ్చిపోతారు, లేకపోతే "నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అని కొట్టిపారేస్తారు. "మీ అక్కాచెల్లెళ్లు ఉన్నప్పుడు నా పక్కన కూర్చోండి, నాకు ఉర్దూ మాట దొరకకపోతే అందించండి" అని అడుగు. ఆయన దగ్గర కుదరకపోతే అత్తగారినే చూడు. చదవమని పిలిచింది ఆవిడే అయితే నీ మీద ఏదో గౌరవంతోనే పిలిచి ఉంటుంది, పరువు తీయడానికి పిలిచిందని నువ్వు ఇప్పుడు అనుకుంటున్నావేమో. రోజూ ఇషా తర్వాత పది నిమిషాలు నాకు చదవడం నేర్పండి అని అడిగితే ఎంత గట్టి అత్తయినా కరుగుతుంది. ఉర్దూ రాదన్న సంగతి దాచడం కూడా మానేయి. "మేరేకు ఇత్తీచ్ ఉర్దూ ఆతీ, ధీరే బోలో" (నాకు ఇంతే ఉర్దూ వచ్చు, మెల్లగా మాట్లాడండి) అని నువ్వే ముందు నవ్వుతూ అనేస్తే ఇక వాళ్లు కనిపెట్టడానికి మిగిలేదేముంది.

గుండె దడ, చేతులు చల్లబడటం గురించి కూడా చెప్పాలి. ఇంకో నెల రెండు నెలలు చూసినా తగ్గకుండా, నిద్ర పట్టకుండా, ఇంట్లోంచి కదలలేనట్టు ఉంటే డాక్టర్‌కు చూపించుకో. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అని ఉంది, 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. మందు వేసుకుంటే తవక్కుల్ (అల్లాహ్ మీద భరోసా) తగ్గినట్టు ఎవరైనా అంటే, వైద్యం చేయించుకోండి అని చెప్పింది ప్రవక్తే అని చెప్పు. తావీజులకు మాత్రం డబ్బులు పోయకు.

ముఆవియా రజియల్లాహు అన్హు పాలకుడిగా ఉన్న రోజుల్లో ఆయిషా రజియల్లాహు అన్హాకు ఉత్తరం రాశారు, నాకేదైనా సలహా రాయండి, పొడుగ్గా వద్దు అని. తిర్మిజీ హదీస్ గ్రంథంలో ఉంది. ఆమె సలాం చెప్పి ఒక్క హదీస్ రాశారు, మనుషులకు కోపం వచ్చినా సరే అల్లాహ్ ఇష్టం వెతికేవాణ్ణి మనుషుల బెడద నుంచి అల్లాహే చూసుకుంటాడు, అల్లాహ్‌కు కోపం తెప్పించి మనుషుల ఇష్టం వెతికేవాణ్ణి ఆ మనుషులకే వదిలేస్తాడు అని. మళ్లీ సలాం చెప్పి ముగించారు. ఈ మాట రాసిన ఆయిషా ఎవరనుకున్నావు, తన మీద మదీనాలో దాదాపు నెలరోజులు లేనిపోని మాటలు నడిచినప్పుడు ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన మనిషి. ఆ దుఃఖంలో యాఖూబ్ అలైహిస్సలాం అన్న "సబ్రున్ జమీల్" (చక్కని సహనం) అనే మాట చెప్పబోతే ఆయన పేరే గుర్తుకు రాక "యూసుఫ్ తండ్రి" అన్నారు. ఆమెకే మాట తడబడింది చెల్లీ. నువ్వు యాసీన్‌లో నాలుగు ఆయతులు చదివాక ఆగిపోయావు.

ఆమె అంత పొట్టిగా రాశారు, నేను ఇంత పొడుగు రాశా, ఏం చేస్తాం.

రంజాన్‌లో మళ్లీ ఇంట్లో ఖురాన్‌ఖానీ పెడతారు కదా. ఈసారి సిపారాలు పంచేటప్పుడు నువ్వే ముందు చేయి చాపి ముప్పయ్యోది అడుగు, అమ్మ పారా. "అమ్మ యతసాఅలూన్" అని మొదలవుతుంది కాబట్టి ఆ పేరు. చిన్నప్పుడు నేను అది మన అమ్మే అనుకుని, నాన్న పారా ఎక్కడుందని మౌల్వీ సాబ్‌ను అడిగి క్లాసంతా నవ్వేలా చేశా. అందులో సూరాలు చిన్నవి, ఊపిరి తీసుకోడానికి చోటు ఎక్కువ. పైకి చదవమంటే వద్దనకు, ఇఖ్లాస్ సూరా నాలుగు ఆయతులే, అది చదివి పుస్తకం మూసేయి. ఎవరైనా నవ్వితే నాకు రాయి.